దొంగతనం అంటగట్టారు, ఇప్పుడేం చేయాలి?

(తిరుపతిలో దుకాణాలు, లాడ్జిలు, ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసేవారి కోసం జరిగిన న్యాయ అవగాహన సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రికార్డింగు నుంచి రాసి, అక్కడక్కడ కుదించాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. లాయరు మాట్లాడుతుంటే తలుపు దగ్గరే ఉండాలని రూలేమీ లేదు.

పని మానేశాక, లేదా మాన్పించాక, పాత యజమాని మన మీద లేనిపోని నింద వేస్తే ఎవరి దగ్గరికి పోవాలి, ఏం చేయాలి అన్నది ఈ రోజు నాకిచ్చిన విషయం. చట్టం సంగతి కాసేపాగి చెబుతాను. ముందు నా సంగతి వినండి. నేను లా చదవడానికి కారణమే అది.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఒక బట్టల దుకాణంలో క్యాషు కౌంటర్లో కూర్చున్నాను. ఏ దుకాణం అని అడగొద్దు. ఒక శనివారం రాత్రి కౌంటరు మూసేటప్పటికి లెక్కలో 18,400 రూపాయలు తగ్గాయి. అప్పట్లో నా జీతం నెలకు 1,800. మూడుసార్లు కూడినా అంతే వచ్చింది. ఓనరు, ఆయన బావమరిది కలిసి నన్ను వెనక గోడౌను గదిలోకి పిలిచారు. చీరల బేళ్ల మధ్య ఒక స్టూలు వేసి కూర్చోబెట్టారు. "మీ నాయన్ను పిలిపించమంటావా, పోలీసుల్ని పిలిపించమంటావా? రాసిచ్చి పోతే ఇక్కడితో అయిపోతుంది" అన్నారు. టైము పదకొండు దాటింది. ఇంటికి పోవాలన్న ఆత్రం తప్ప నాకు బుర్రలో ఇంకేమీ లేదు. ఆయన చెబుతూ పోయాడు, నేను రాస్తూ పోయాను. మొదటి వాక్యం ఇప్పటికీ గుర్తుంది: "నా సొంత ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇస్తున్నది ఏమనగా." బలవంతం లేదన్న మాటను కూడా బలవంతంగానే రాయించారు. ఇప్పుడైతే నవ్వొస్తుంది, ఆ రాత్రి రాలేదు.

మర్నాడు మా నాన్న నన్ను ఒక పెద్ద లాయరు గారింటికి తీసుకుపోయాడు. నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆయన, "ఏడుపు తర్వాత అమ్మా, ముందు టైము చెప్పు" అన్నాడు. ఎన్ని గంటలకు పిలిచారు, తలుపు వేసి ఉందా, తీసి ఉందా, గదిలో ఎవరెవరున్నారు, పెన్ను ఎవరిది, కాగితం రూళ్లదా తెల్లదా... అన్నీ అడిగి రాసుకున్నాడు. ఆదివారం కాబట్టి పోస్టాఫీసు లేదు. సోమవారం తలుపు తీయగానే ఓనరుకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పోయింది. శనివారం రాత్రి ఫలానా టైములో ఫలానావాళ్లు బెదిరించి రాయించుకున్నారు, అది నా ఒప్పుకోలు కాదు, బిల్లు పుస్తకాలు, క్యాషు పుస్తకం నా ఎదుట సరిచూడండి అని. ఉత్తరం మొత్తం పన్నెండు లైన్లు. ఒక్క తిట్టు లేదు.

మూడు వారాల తర్వాత తేలింది. ఆ బావమరిదే మధ్యాహ్నం ఒక సరుకు పార్టీకి నా కౌంటర్లోంచి డబ్బు తీసి ఇచ్చి, పుస్తకంలో రాయడం మరిచిపోయాడు. నాకెవరూ సారీ చెప్పలేదు. పోలీసు కంప్లెయింటు మాత్రం ఇవ్వలేదు. నేను రాసిచ్చిన కాగితం ఇప్పటికీ వాళ్ల బీరువాలోనే ఉండొచ్చు.

ఇన్నేళ్ల ప్రాక్టీసులో నాకు తెలిసింది కూడా ఆ పన్నెండు లైన్లలో ఉన్నదే. నింద ఇంకా నోటిమాటగా ఉన్నప్పుడే మన జవాబు కాగితం మీదికి ఎక్కాలి. మనవాళ్లు దీనికి పూర్తి తలకిందులుగా చేస్తారు. ఒప్పుకోలు కాగితం మీద ఇస్తారు, కాదన్న మాట మాత్రం వీధిలో అరుగు మీద చెప్పుకుంటారు.

బెదిరించి గానీ, ఆశపెట్టి గానీ రాయించుకున్న ఒప్పుకోలు క్రిమినల్ కేసులో పనికిరాదని చట్టంలో ఉంది. పాత సాక్ష్యాధార చట్టంలోనూ ఉంది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఉంది. కానీ బెదిరించారని జడ్జిగారికి ఎట్లా తెలుస్తుంది? ఏడాది తర్వాత బోనెక్కి "నన్ను భయపెట్టారు సార్" అంటే అవతలి లాయరు మొదట అడిగేది, "అయితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని. రెండు రోజుల్లో పోయిన ఉత్తరం ఉంటే ఆ ప్రశ్నే రాదు.

మన జిల్లాలో దీనికి ఇంకో అలవాటు తోడయింది. "తీయకపోతే కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్" అంటారు. మీలో ఎంతమంది విన్నారు ఈ మాట? చూశారా, సగం చేతులు లేచాయి. ఎన్నికలొస్తే నాయకులు కూడా ఇదే సవాలు విసురుకుంటారు. నేను వినాయకుణ్ణి మొక్కేదాన్నే, ప్రమాణం చేయొద్దని ఎవరికీ చెప్పను. ఒకప్పుడు మన చట్టం కూడా దాన్ని ఒప్పుకుంది. 1873 నాటి ప్రమాణాల చట్టంలో, "అవతలివాడు ఫలానా దేవుడి మీద ఒట్టేసి చెబితే నేను కట్టుబడతాను" అని ఒక పక్షం కోర్టులో అనొచ్చు. ఒట్టేసి చెబితే ఆ విషయంలో ఇంక వాదన ఉండేది కాదు. 1969లో కొత్త చట్టం తెచ్చినప్పుడు ఆ ఏర్పాటు తీసేశారు. కాబట్టి ఈ రోజు మీరు కాణిపాకం దగ్గర బాహుదా నదిలో మునిగి, తడిబట్టలతో ప్రమాణం చేసినా పోలీసు స్టేషన్లో అది కాగితం కాదు. మీ ఓనరు రేపు పొద్దున కంప్లెయింటు ఇవ్వడానికి అది అడ్డమూ కాదు.

బాహుదా అన్నాను కాబట్టి ఆ కథ కూడా ఒకసారి తలుచుకుందాం. లిఖితుడు ఆకలికి తాళలేక తోటలో ఒక మామిడిపండు కోసుకుని తిన్నాడు. అన్న శంఖుడు ఊరుకోలేదు, తప్పు తప్పే, పోయి రాజుతో చెప్పుకోమన్నాడు. పోయి చెప్పుకుంటే రాజు రెండు చేతులూ నరికించాడు. ఏట్లో మునిగాక చేతులు తిరిగొచ్చాయి, అందుకే ఆ ఏటికి బాహుదా, అంటే చేతులిచ్చేది, అని పేరు. కథలో లిఖితుడు తిన్నాడు, ఒప్పుకున్నాడు. నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది తినకుండానే ఒప్పుకుంటారు. చేతులు తిరిగి తెప్పించే ఏరు కోర్టు ఆవరణలో లేదమ్మా, మేము పిటిషన్లు వేసుకోవాల్సిందే.

సరే, పోలీసుల దాకా పోయిందనుకుందాం. పనివాడు యజమాని సొత్తు దొంగిలించాడన్నా, నమ్మి అప్పగించిన డబ్బు తినేశాడన్నా గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఒకటి 306, ఇంకోటి 316 సెక్షను. మోసం 318. మేం లాయర్లమే ఇంకా నోరు జారి 420 అంటున్నాం, మీరు తప్పు చెప్పినా ఎవరూ నవ్వరు. ఏడేళ్ల దాకా శిక్ష పడే కేసుల్లో కేసు కట్టగానే అరెస్టు చేయకూడదని, ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాయాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు అక్కర్లేని చోట హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. ఆ నోటీసు వస్తే పారిపోకండి. పోవాలి, టైముకు పోవాలి. పోయే ముందు లాయరుతో మాట్లాడాలి. పోకుండా తిరుమల కొండెక్కి ఫోన్ స్విచ్చాఫ్ చేసుకున్నవాళ్లను చూశాను, అప్పుడు అరెస్టుకు కారణం మనమే రాసిచ్చినట్టు.

నోటీసు లేదు, ఎఫ్ఐఆర్ లేదు, ఊరికే ఫోన్ చేసి "ఒకసారి స్టేషన్‌కు రా, మీ ఓనరు కూర్చున్నాడు, మాట్లాడుకోండి" అంటే అది వేరే. డబ్బు వసూలు చేసిపెట్టడం పోలీసుల పని కాదు. మర్యాదగా, "కేసు ఉంటే నోటీసు ఇవ్వండి సార్, లాయరుతో వస్తాను" అని చెప్పండి. ఆడవాళ్లకు ఇంకో సంగతి. సాక్షిగా విచారించాలంటే మిమ్మల్ని స్టేషన్‌కు రప్పించకూడదు, మీ ఇంటికే రావాలి. ముందస్తు బెయిలు, హైకోర్టులో ఎఫ్ఐఆర్ కొట్టేయమని అడగడం, ఇవన్నీ ఉన్నాయి. అవి లాయరు చూసుకునే పనులు, ఇక్కడ చెబితే మీకు నిద్రొస్తుంది.

ఖాళీ చెక్కు గురించి మాత్రం నిద్రపోకుండా వినండి. పనిలో చేరేటప్పుడు సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇచ్చినవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు, నాకు తెలుసు. చేయెత్తమని అడగను. గొడవొచ్చాక ఓనరు దాంట్లో రెండు లక్షలు రాసి బ్యాంకులో వేస్తాడు. చెక్కు బౌన్సయ్యాక లాయరు నోటీసు వస్తుంది, అందిన రోజు నుంచి 15 రోజులు గడువు. మనవాళ్లు చేసే ఘోరం ఏమంటే, "నేను అప్పే తీసుకోలేదు, నాకేం భయం" అని ఆ కవరు టీవీ మీద పెట్టేస్తారు. సంతకం మీదైతే, బాకీ ఉందనే కోర్టు మొదట అనుకుంటుంది. కాదని చూపించాల్సింది మీరు. 15 రోజుల్లో జవాబు పోవాలి: ఈ చెక్కు ఫలానా సంవత్సరం పనిలో చేరేటప్పుడు హామీగా తీసుకున్నది, నాకు అప్పు లేదు అని. అసలు పని మానేసిన రోజే చెక్కు నంబరు రాసి, తిరిగి ఇమ్మని ఉత్తరం పెడితే ఇంకా మంచిది.

అట్లాగే సర్టిఫికెట్లు. టెన్త్ మెమో, డిగ్రీ పట్టా ఓనరు దగ్గర పెట్టుకోవడం మన ఊళ్లో ఆచారమైపోయింది. చదువు సర్టిఫికెట్లు తాకట్టు సరుకు కాదు. కాలేజీల విషయంలో హైకోర్టులు ఈ మాట చాలాసార్లు చెప్పాయి. పీఎఫ్ కూడా అంతే, నింద తేలేదాకా ఆపుతానంటే కుదరదు, అది మీ డబ్బు. పని మానేసిన తేదీని ఓనరు ఆన్‌లైన్‌లో ఎక్కించకపోతే, చివరి జమ పడిన రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో మీరే ఎక్కించుకోవచ్చు. ఇది తెలియక రెండేళ్లు ఓనరు చుట్టూ తిరిగిన ఒక నర్సమ్మ నాకు తెలుసు. దుకాణాల్లో ఆరు నెలలు నిరంతరంగా పనిచేసినవాళ్లను సరైన కారణం లేకుండా, నెల ముందు నోటీసు గానీ, బదులుగా నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదని మన రాష్ట్రంలో 1988 నుంచే చట్టం ఉంది. దానికి కార్మిక శాఖ ఆఫీసుకు పోవాలి, పోలీసు స్టేషన్‌కు కాదు.

ఇంక పరువు నష్టం. మీరంతా దీనికోసమే వచ్చారని నాకు తెలుసు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పదికి ఎనిమిది మంది కూర్చోకముందే, "మేడమ్, వాడి మీద పరువు నష్టం కేసు వేయాలి, కోటి రూపాయలకు" అంటారు. కోటి అడగాలంటే ఆ కోటికి తగ్గ కోర్టు ఫీజు ముందు కట్టాలని చెప్పగానే సగం కోపం దిగుతుంది.

నలుగురి చెవిన పడితేనే పరువు నష్టం. గోడౌను గదిలో నన్ను దొంగ అన్నారే, అది నాకు అవమానం, కానీ మూడో మనిషి వినకపోతే చట్టం దృష్టిలో పరువు నష్టం కాదు. వాట్సాప్ గ్రూపులో పెడితే అవుతుంది, షాపు గోడ మీద ఫోటో అంటిస్తే అవుతుంది. కొత్త యజమాని ఫోన్ చేసి అడిగితే పాత యజమాని నిజమని నమ్మి, జాగ్రత్త కోసం చెప్పిన మాటకు మాత్రం చట్టంలో మినహాయింపు ఉంది. మంచి ఉద్దేశంతో పోలీసులకిచ్చిన కంప్లెయింటుకూ ఉంది. ఆ మినహాయింపులు పదున్నాయి, కాబట్టి తొందరపడకండి.

క్రిమినల్ పరువు నష్టంలో రెండేళ్ల దాకా సాధారణ జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ, లేదా సమాజ సేవ గానీ శిక్ష. అయితే పోలీసులు దీనికి ఎఫ్ఐఆర్ కట్టరు. మేజిస్ట్రేటు కోర్టులో మనమే ప్రైవేటు కంప్లెయింటు వేసుకోవాలి, మూడేళ్లలోపు. డబ్బు కోసం సివిల్ దావా వేయాలంటే ఒక్క ఏడాదే గడువు. మీ మీద కేసు పెట్టి, అది కొట్టేశాక, దురుద్దేశంతో కేసు పెట్టారని నష్టపరిహారం అడగడానికి కూడా కేసు తేలిన రోజు నుంచి ఏడాదే. కేసు కొట్టేసినంత మాత్రాన సరిపోదు, తెలిసి తెలిసి కుళ్లుతో పెట్టాడని చూపించాలి. ఈ ఏడాది అన్న లెక్క దగ్గరే చాలామంది చెడిపోతారు. పెద్దమనుషుల పంచాయితీలో ఎనిమిది నెలలు, జాతర అయ్యాక చూద్దామని రెండు నెలలు... అంతే.

ఒక కుర్రాడి కథ చెబుతాను. పీలేరు వైపు పిల్లోడు, రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్. మూడు వేలు ఎక్కువిస్తామంటే ఇంకో లాడ్జికి మారాడు. పాత ఓనరుకు మండింది. మేనేజర్ల వాట్సాప్ గ్రూపులో పిల్లోడి ఫోటో పెట్టి, "వీడు రూము అడ్వాన్సులు కాజేశాడు, ఎవరూ పనిలో పెట్టుకోవద్దు" అని రాశాడు. రెండు రోజుల్లో కొత్త పని పోయింది. మూడో రోజు ఆ మెసేజీ డిలీట్ అయింది. పిల్లోడు నా దగ్గరికి వచ్చేటప్పటికి పది నెలలైంది. మధ్యలో కాణిపాకం పోయి ప్రమాణం చేసొచ్చాడు, ఒక్కడే. ఓనరు రాలేదు.

"ఏముంది నీ దగ్గర?" అంటే ఒక స్క్రీన్‌షాట్ చూపించాడు, ఫ్రెండు పంపింది. పైన "బాబాయ్ లాడ్జి" అని ఉంది. ఫ్రెండు ఫోన్లో ఓనరును ఆ పేరుతో సేవ్ చేసుకున్నాడన్నమాట. నంబరు లేదు, తేదీ లేదు. మీరు స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు నంబరు కనిపించాలి, తేదీ కనిపించాలి, పైనా కిందా ఉన్న మెసేజీలు కూడా రావాలి. ఆ ఫోన్ అమ్మేయొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు. రేపు కోర్టులో ప్రింటు పెట్టాలంటే దానితో పాటు సర్టిఫికెట్ ఒకటి ఇవ్వాలి, ఏ ఫోన్ నుంచి తీశారో అందులో చెప్పాలి. అదృష్టం బాగుండి ఆ ఫ్రెండు ఫోన్లో అసలు చాట్ ఉంది.

తర్వాత అడిగాను, "ఆ లాడ్జిలో ఎప్పుడైనా డబ్బు తీసుకున్నావా?" "లేదక్కా" అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు. కాసేపటికి, "ఒకసారి అమ్మకు బాగలేకుంటే కౌంటర్లో నుంచి 500 తీసుకున్నానక్కా, జీతం రోజు పెట్టేశాను, మేనేజరుకు చెప్పే తీసుకున్నా" అన్నాడు. ఇదీ నాకు కావాల్సింది. లాయరు దగ్గర దాచితే అవతలి లాయరు బయటికి తీస్తాడు, అది కూడా అందరి ముందు. మీకు మంచి చేసే సంగతులు మీరు చెప్పకపోయినా మాకు దొరుకుతాయి. చెడు చేసేవి మీరే చెప్పాలి.

దావా వేయలేదు. నోటీసు ఇచ్చాం. ఇప్పుడు రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, అందినట్టు రుజువు అడిగి తీసుకోండి, రసీదు పారేయకండి. ఫలానా తేదీన ఈ మాట రాశారు, ఏ రోజు ఏ రూము అడ్వాన్సు ఎంత పోయిందో లెక్క చూపించండి, లేదా అదే గ్రూపులో వెనక్కి తీసుకోండి, సర్టిఫికెట్లు ఇచ్చేయండి. కోటి అడగలేదు. లెక్క అడిగాం. దొంగ అన్నవాణ్ణి లెక్క అడిగితే చాలాసార్లు అక్కడే ఆగిపోతాడు.

ఫీజు భయం ఉన్నవాళ్లకు రెండు ముక్కలు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. చిత్తూరు కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, తిరుపతి కోర్టులో మండల న్యాయ సేవల కమిటీ ఉంది. 15100కు ఫోన్ చేసినా చాలు. లోక్ అదాలత్‌లో రాజీ పడొచ్చు, కోర్టు ఫీజు ఉండదు, కానీ అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు, కాబట్టి చదవకుండా సంతకం పెట్టొద్దు. ప్రైవేటు లాయరైతే ఫీజు ముందే అడగండి, మొహమాటపడకండి. ఒరిజినల్స్ ఇవ్వకండి, జెరాక్సులు ఇవ్వండి. నాకు కూడా.

ఆ పిల్లోడి సంగతి పూర్తి చేసి కూర్చుంటాను. నోటీసు అందిన పన్నెండో రోజున ఓనరు తన లాయరుతో నా ఆఫీసుకు వచ్చాడు. గ్రూపులో రెండు లైన్లు పెట్టాడు, పొరపాటుగా రాశానని. సంతోషంగా కాదు, పళ్లు కొరుకుతూ. తర్వాత ఒక ప్లాస్టిక్ కవరు టేబుల్ మీద పెట్టాడు. పిల్లోడు లెక్కపెట్టుకున్నాడు: టెన్త్, ఇంటర్, డిగ్రీ, కాండక్ట్. డిగ్రీ పట్టా మీద టీ గ్లాసు మరక గుండ్రంగా ఉంది. ఓనరు ఒక తెల్లకాగితం ముందుకు తోసి, "అన్నీ ముట్టినట్టు సంతకం పెట్రా" అన్నాడు. పిల్లోడు పెన్ను తీసుకున్నాడు. నేను గబుక్కున చేయి చాపబోయాను. వాడు నా వైపు చూడనేలేదు. "చదివి పెడతాలే అన్నా" అని మొత్తం రెండుసార్లు చదివాడు. అడుగున "లెక్కల విషయంలో నా వల్ల జరిగిన లోటుకు" అని ఒక వాక్యం మొదలవుతోంది. అది కొట్టేసి, పక్కన తేదీ, టైము వేసి, అప్పుడు సంతకం పెట్టాడు.

ప్రశ్నలుంటే అడగండి. టీ వచ్చినట్టుంది, తాగుతూ మాట్లాడుకుందాం.